వారానికో తాకా

సూరత్, లింబాయత్

చిరంజీవి బిడ్డకు,

నిన్న రాత్రి ఫోన్‌లో నువ్వడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. పక్కింటి మరమగ్గపు సాంచెల చప్పుడు ఒక కారణం. నోటి దగ్గర సరైన మాట లేకపోవడం అసలు కారణం. "పరీక్షలవగానే అక్క దగ్గరికి వస్తున్నా పెద్దమ్మా, రోజూ ఏడుస్తోందట, పిల్లలకేం కాదని చెప్పనా?" అన్నావు. వద్దు బిడ్డా. నర్సింగ్ చదువుతున్నదానివి, ఆ ఒక్క మాట మాత్రం నాలుక మీదికి రానీకు.

నేను కొత్తగా డ్యూటీలో చేరిన రోజుల్లో, ఒక ఆసుపత్రిలో (పేరెందుకులే), అమడలతో ఉన్న ఒకామెను ముప్పై వారాలకు చేర్చుకున్నారు. రాత్రి పాళీ నాది. నిద్రపోకుండా నన్నే చూస్తుంటే దుప్పటి సర్ది "ఏం కాదమ్మా, పడుకో" అన్నాను. అబద్ధం చెప్పాలని చెప్పలేదు. అది నిజమా కాదా అని ఆలోచించనే లేదు, అంతే. మూడోనాడు నీళ్లాడింది. ఇద్దరిలో ఒకరే దక్కారు. ఆమె నన్ను తిట్టలేదు. "సిస్టర్, మీరే కదా ఏం కాదన్నారు" అని మెల్లగా అడిగింది. చుట్టూ ఉన్నవాళ్లేమో "ఒకరైనా మిగిలారు, సంతోషించు" అంటున్నారు. అది అంతకంటే చెడ్డ మాట. ఇద్దరిని మోసిన తల్లికి లెక్క ఇద్దరిదే.

ఆ తర్వాత నేను మాట మార్చుకున్నాను. రేపటి గురించి మాట ఇవ్వడం మానేసి, ఇవాళ నా కళ్లతో చూసింది, చెవులతో విన్నది చెప్పడం మొదలుపెట్టాను. "పొద్దున ఇద్దరి గుండెలూ విన్నాను, రెండూ బాగా కొట్టుకుంటున్నాయి." ఇది నిజం. దీన్ని రేపు ఎవరూ అబద్ధం చెయ్యలేరు. చిన్న నిజాన్ని పట్టుకుని ఆడది రాత్రి గడుపుతుంది బిడ్డా, పెద్ద భరోసా కంటే అదే ఆమెను నిలబెడుతుంది.

మీ అక్కకిప్పుడు 27 వారాలు. వచ్చే వారానికి ఒక్కో బిడ్డ కిలో దరిదాపుల్లో ఉంటుంది, అమడలు కాబట్టి కాస్త తక్కువే అనుకో. 32 దాటితే లెక్క వేరు. 34కి చప్పరించడం, మింగడం, ఊపిరి తీసుకోవడం మూడూ కలిపి చెయ్యడం వస్తుంది, అంటే పాలు తనంతట తాగగలదు. రెండు మాయలున్న కవలలకు అంతా బాగుంటే 37 వారాలు నిండాకే కాన్పు చేస్తారు. అందుకని "నెలలు నిండాలి" అని మొత్తం దూరాన్ని ఆమె ముందు పరచకు. మీ బావ సాంచె మీద బీము ఎక్కించేటప్పుడు దాని కొస చూసి గుండె బాదుకోడు కదా, ఇవాళ ఎన్ని బట్ట తాకాలు దిగాయో చూసుకుంటాడు. ఈ పోలిక నాది కాదు, ఆయనదే. గోడ మీద సుద్దతో వారం నంబరు రాస్తున్నాడు, ప్రతి మంగళవారం పాతది చెరిపి. పన్నెండు గంటల పాళీ చేసి వచ్చి ఆ అంకె దిద్దాకే బువ్వ తింటాడు. ఆ పని నువ్వు లాక్కోకు.

ఇంకో సంగతి నీకు పాఠంగా చెప్పాలి. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో గ్రాహం లిగిన్స్ అనే డాక్టరు, కాన్పు నొప్పులు ఎలా మొదలవుతాయో తెలుసుకోవాలని గొర్రెల మీద పరిశోధన చేసేవాడు. కడుపులో ఉన్న పిల్లకు స్టెరాయిడ్ ఇచ్చి చూశాడు. రోజులు చాలక పుట్టిన గొర్రెపిల్ల బతకకూడదు, కానీ ఊపిరి తీసుకుంటూ కనబడింది. రాస్ హౌవీ అనే పిల్లల డాక్టరుతో కలిసి అలాంటి మందునే తల్లులకిచ్చి చూసి, 1972లో ఫలితం ప్రకటించాడు. ఇప్పుడు మన వార్డుల్లో ఇచ్చే డెక్సామెథసోన్ సూది ఆ గొర్రెపిల్ల పుణ్యమే. ఆరు మిల్లీగ్రాములు, పన్నెండు గంటలకోసారి, నాలుగు సార్లు. పిల్లల ఊపిరితిత్తులు త్వరగా పదునెక్కుతాయి. సూది పడి ఒక రోజు గడిచిందా, దాని బలం బాగా పడుతుంది. ఎప్పుడు వెయ్యాలో డాక్టరు చూసుకుంటుంది. నువ్వు తెలుసుకోవలసింది ఒకటే. నొప్పులు మొదలైనా రెండు రోజులు ఆపగలిగితే ఆ రెండు రోజులు ఊరికే పోయినవి కావు.

ఇక అక్కకు చెప్పిన బెడ్‌రెస్ట్. దీని గురించి మా కాలంలో మాకు నేర్పింది ఒకటి, తర్వాత తేలింది ఇంకొకటి. అమడలంటే చాలు, మంచం దిగనిచ్చేవాళ్లం కాదు. 1980ల్లో జింబాబ్వేలోని హరారేలో కవల గర్భిణులను రెండు గుంపులు చేసి, ఒక గుంపును ఆసుపత్రిలో పడుకోబెట్టి, రెండోదాన్ని ఇంటి దగ్గర ఉంచి చూశారు. పడుకోబెట్టినందుకు కాన్పు వెనక్కి జరిగిన దాఖలా కనబడలేదు. 1985లో లాన్సెట్‌లో అచ్చయిన ఫలితంలోనైతే ఆసుపత్రిలో ఉన్నవాళ్లకే తొందరగా నొప్పులొచ్చాయి. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసిన రోజు ఎవరు గుర్తొచ్చారో చెప్పనా? బిందెడు నీళ్లు పట్టడానికి లేచినందుకు "నువ్వే చేజేతులా చేసుకున్నావు" అని అత్తతో మాటలు పడ్డ ఒక తల్లి. ఆ రోజు అక్కడే నిలబడి నేనూ నోరు మూసుకున్నాను.

అలాగని డాక్టరు మాట కాదని అక్కను లేపి నడిపించమనడం లేదు. ఆమె గర్భసంచి మూతి పొట్టిగా ఉందని స్కానులో చూసి చెప్పారు, ఆ సంగతి మనకంటే డాక్టరుకే తెలుసు. నువ్వు వచ్చాక వెళ్లి నెమ్మదిగా అడుగు. రెస్ట్ అంటే ఎంత? బాత్రూముకు లేవచ్చా? కూర్చుని తినొచ్చా? మెట్లు దిగకూడదా, అసలు నడవకూడదా? చాలామంది "రెస్ట్" అన్న మాట విని కాలు కదపడానికే భయపడతారు. గర్భంలో రక్తం గడ్డకట్టే గుణం మామూలుగానే ఎక్కువ, పైగా కదలక పడుకుంటే పిక్కల్లో గడ్డలు పడతాయి. మడమలు తిప్పించు, నీళ్లు తాగించు. ఒక కాలే వాచి నొప్పి పెడితే ఆ రోజే చెప్పాలి. వెల్లకిలా కాకుండా పక్కకు, ఎడమకైతే మేలు, ఒత్తిగిలి పడుకోనీ. బరువైన కడుపు వెన్ను పక్కనున్న పెద్ద సిరను నొక్కకుండా ఉంటుంది.

అక్క మంచం కిటికీ వైపు తిప్పించాను. ముందు గోడ కేసి ఉండేది, ఆ సున్నం పెచ్చులు లెక్కపెట్టుకుంటూ పడుకునేది పిచ్చిది. చీరలకు రాళ్లు అతికించే పని ఆగిపోయిందని, ఆ డబ్బులు పోయాయని ఇంకో దిగులు. మొన్న సేఠ్ మనిషి మూట తెచ్చి గుమ్మంలో పెడితే వెనక్కి పంపించాను. మీ అక్క నాతో ఒక పూట మాట్లాడలేదు.

పుట్టింటి కాన్పు మాట మళ్లీ ఎత్తవద్దని మీ అమ్మకు చెప్పు. కరీంనగర్‌కు తీసుకెళ్దామంటే వరంగల్ దాకా నవజీవన్‌లోనే ఒక రోజు ప్రయాణం. బండి పేరు బాగానే ఉంది గానీ, మధ్యలో నొప్పులొస్తే ఏ స్టేషనులో దిగుతాం? నెల తక్కువ పిల్లలకు పుట్టే చోటే గాజుపెట్టె, ఊపిరి యంత్రం ఉండాలి. పుట్టాక పరుగెత్తించడం కంటే కడుపులో ఉండగానే అక్కడికి చేర్చడం మేలు. ఇక్కడ న్యూ సివిల్ ఆసుపత్రి ఉంది, స్మీమేర్ ఉంది. స్మీమేర్‌లో అమ్మపాల బ్యాంకు కూడా ఉంది. మొదటి రోజుల్లో తల్లికి పాలు పడకపోతే అదెంత ఆసరానో నువ్వే చూస్తావు. హైదరాబాదులో 2005లో మొదలైన 108 ఇక్కడికి 2007లోనే వచ్చింది, కాబట్టి ఆటో వెతుక్కోవడం లేదు. గర్భిణికిచ్చే మమతా కార్డు, స్కానులు, రక్తపరీక్షలు అన్నీ ప్లాస్టిక్ సంచిలో పెట్టి తలుపు మేకుకు తగిలించాను. 2006 ఆగస్టులో తాపీ నది పొంగినప్పుడు తడిసి ముద్దయిన కాగితాలతో వచ్చిన తల్లులను చూసినదాన్ని, ఆ చాదస్తం పోలేదు.

ఈ సంచి ఎప్పుడు తియ్యాలో కంఠతా పెట్టుకో. ఉమ్మనీరు కారినా, ఎర్రమైల కనబడినా, కడుపు మాటిమాటికీ రాయిలా గట్టిపడినా, పిల్లల కదలిక తగ్గినా. తల పగిలేంత నొప్పి, కళ్ల ముందు మసక, పక్కటెముకల కింద నొప్పి, ముఖం వాపు వస్తే బీపీ అని అనుమానించు. అమడల తల్లులకు అది ఎక్కువగా వస్తుంది. "ఇంత రాత్రి ఎందుకులే, పొద్దున చూద్దాం" అనే మాట మన ఇళ్లలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఈసారి అనేది మీ బావ వాళ్లమ్మే. ఆమెతో వాదించకు, 108 నొక్కు.

ఎవరైనా గుంటూరు కథ తెస్తారు చూడు, 2019లో డెబ్బై దాటిన ఒకామె కవల ఆడపిల్లలను కన్నదని, "ఆ వయసులో ఆమెకే అయితే నీకేంటి" అని. అది ధైర్యం చెప్పడం కాదు, పోటీ పెట్టడం. ఆమె వెనక ఎంతమంది డాక్టర్లు కాపలా ఉన్నారో ఆ చెప్పేవాళ్లు చెప్పరు.

పిల్లలు చిన్నగా పుట్టినా బెంగపడే ముందు ఒకటి గుర్తుంచుకో. 1978లో కొలంబియాలోని బొగొటాలో పెట్టెలు చాలక ఎడ్గార్ రే అనే డాక్టరు నెల తక్కువ పిల్లలను తల్లుల రొమ్ముకు కట్టించాడు. గతిలేక చేసిన పని, ఇప్పుడు ప్రపంచమంతా నేర్పుతోంది. ఇద్దరు పిల్లలకు ఒక్క తల్లి రొమ్ము చాలదు కాబట్టి మీ బావకూ చొక్కా విప్పడం నేర్పాలి. సిగ్గుపడతాడు. నువ్వు మరదలివి, నువ్వు చెబితే ఇంకా సిగ్గుపడతాడు, అది నాకొదిలెయ్.

స్టేషనుకు ఎవరూ రాలేరు, మీ బావకు పగటి పాళీ. లింబాయత్‌లో తెలుగువాళ్ల గల్లీ అంటే ఆటోవాడే దింపుతాడు. వస్తూనే మీ అక్క కడుపు మీద చెయ్యి పెట్టాలని తొందరపడతావు. ముందు సబ్బుతో కడుక్కుని, రెండు చేతులూ రుద్దుకుని వెచ్చబరచుకో. చల్లని చెయ్యి తగిలితే ఉలిక్కిపడుతుంది.

మీ పెద్దమ్మ