రాత్రి డ్యూటీ లెక్క: మన గంటలు మనమే రాసుకుందాం

ఈ నెల పాఠం రాత్రి డ్యూటీ చేసేవాళ్ల కోసం. యూఏఈలో ఉన్న మన సెక్యూరిటీ గార్డులు, గోదాముల్లో లోడింగ్ చేసేవాళ్లు, క్లీనింగ్ వాళ్లు, డ్రైవర్లు, రోడ్డు పనుల వాళ్లు, కిచెన్ హెల్పర్లు అందరికీ పనికొస్తుంది. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల నుంచి వచ్చినా, కడప, కోనసీమ నుంచి వచ్చినా రాత్రి మాత్రం అందరికీ ఒక్కటే. ఊరంతా పడుకున్నాక మీ పని మొదలవుతుంది.

రాత్రి మూడు గంటలకు మీ పక్కన ఎవరుంటారు? జనరేటర్ చప్పుడు, పార్కింగ్‌లో తిరిగే పిల్లి, ఫ్లాస్కులో మిగిలిన కడక్ చాయ్. అప్పుడు మన దగ్గర నాలుగున్నర. అమ్మ లేచి వాకిట్లో కళ్లాపి చల్లే వేళ. ఫోన్ చేస్తే "ఇంకా పండుకోలేదా బిడ్డా" అంటుంది. "డ్యూటీ అమ్మా" అంటారు. ఆ మాట ఎన్నిసార్లు అన్నారో లెక్క లేదు. ఆ డ్యూటీకి ఎన్ని గంటలు పట్టిందో మాత్రం లెక్క ఉండాలి. ఈ పాఠమంతా ఆ లెక్క గురించే.

1. ముందు చట్టం ఏమంటుందో చూద్దాం

ప్రైవేటు కంపెనీల్లో పని చేసేవాళ్లకు 2021 నాటి 33వ నంబరు ఫెడరల్ కార్మిక చట్టం వర్తిస్తుంది. ఇది 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉంది. ఇందులో మనకు కావలసినవి ఇవి:

- మామూలు పని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు.
- 5 గంటలకు మించి ఏకబిగిన పని చేయించకూడదు. మధ్యలో కనీసం ఒక గంట విరామం ఇవ్వాలి. ఆ గంట పని గంటల్లోకి రాదు.
- ఓటీ రోజుకు 2 గంటలు దాటకూడదు. పెద్ద నష్టాన్నో ప్రమాదాన్నో ఆపాల్సి వచ్చినప్పుడు మాత్రమే మినహాయింపు.
- ఓటీతో కలిపి మూడు వారాల్లో మొత్తం 144 గంటలు దాటకూడదు.
- ఓటీ గంటకు బేసిక్ మీద లెక్కగట్టిన గంట జీతం, దానికి అదనంగా కనీసం 25 శాతం ఇవ్వాలి.
- ఆ ఓటీ రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 4 మధ్య పడితే అదనం 50 శాతం.
- వారానికి కనీసం ఒక రోజు జీతంతో సెలవు.
- రంజాన్ నెలలో రోజుకు 2 గంటలు తగ్గించాలి. ఉపవాసం ఉన్నా లేకున్నా, ఏ మతం వాళ్లకైనా ఇది వర్తిస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. "రాత్రి డ్యూటీ కాబట్టి 50 శాతం ఎక్కువ రావాలి కదా అన్నా" అని అడుగుతారు. కాదు. మీ మామూలు 8 గంటలే రాత్రి పూట ఉంటే, రాత్రి అన్న కారణానికి చట్టం అదనం ఇవ్వదు. 50 శాతం వచ్చేది ఆ వేళల్లో పడిన ఓటీకి మాత్రమే. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి అని షిఫ్టుల వారీగా తిరిగేవాళ్లకు ఈ 50 శాతం నియమం వర్తించదు. అయితే వాళ్లకూ ఓటీ మీద 25 శాతం ఉంటుంది. దాన్ని ఎవరూ తీసేయలేరు.

ఇంకో సంగతి. పని స్వభావాన్ని బట్టి ఆపకుండా షిఫ్టుల మీద నడవాల్సిన కొన్ని పనులకు గంటల విషయంలో సడలింపు ఉంది. అక్కడ కూడా సగటున వారానికి 56 గంటలు దాటకూడదు. మీ పని ఆ కోవలోకి వస్తుందో లేదో కంపెనీ మాట మీద వదిలేయకండి. మంత్రిత్వ శాఖను అడిగి తెలుసుకోండి.

ఇళ్లలో పని చేసే అక్కచెల్లెళ్లకు వేరే చట్టం ఉంది. దాని ప్రకారం రోజుకు కనీసం 12 గంటల విశ్రాంతి ఇవ్వాలి, అందులో 8 గంటలు ఏకంగా ఉండాలి. రాత్రి పిల్లవాడు ఏడిస్తే లేస్తారు, సరే. కానీ ప్రతి రాత్రీ ముక్కలు ముక్కలుగా నిద్రపోవడం చట్టం ఒప్పుకునే పద్ధతి కాదు.

2. ఇప్పుడు లెక్క వేద్దాం

కాంట్రాక్టులో బేసిక్ 1200 దిర్హాములు, అలవెన్సులు 600 అనుకుందాం. ఓటీని బేసిక్ మీదే కడతారు, మొత్తం 1800 మీద కాదు. అందుకే కాంట్రాక్టుపై సంతకం పెట్టేటప్పుడు మొత్తం జీతం ఒక్కటే చూడకండి, బేసిక్ ఎంతో చూడండి. బేసిక్ తగ్గించి అలవెన్సు పెంచితే ఓటీ కూడా తగ్గిపోతుంది.

1200ను 30తో భాగిస్తే రోజుకు 40. దాన్ని 8తో భాగిస్తే గంటకు 5 దిర్హాములు. మామూలు ఓటీ గంటకు 6.25. రాత్రి 10–4 మధ్య ఓటీ గంటకు 7.50.

మొదటి ఉదాహరణ. గార్డు డ్యూటీ రాత్రి 8 నుంచి పొద్దున 7 దాకా. ఒంటిగంట నుంచి రెండు దాకా విరామం. మొత్తం 11 గంటల్లో విరామం తీసేస్తే పని 10 గంటలు. అంటే 8 మామూలు, 2 ఓటీ. 8 గంటలు పొద్దున 5కి నిండుతాయి. ఓటీ 5 నుంచి 7 దాకా, కాబట్టి 25 శాతం రేటు. నెలకు 26 డ్యూటీలైతే 52 గంటలు, 52 ఇంటూ 6.25 అంటే 325 దిర్హాములు. ఏడాదికి 3900. పే స్లిప్పులో ఈ గీత లేకపోతే మీ మూడు నెలల బేసిక్ కన్నా ఎక్కువ సొమ్ము ఎవరి జేబులోనో ఉన్నట్టు.

ఇంకాస్త ముందుకు వెళ్దాం. రోజుకు 10 గంటలు, వారానికి 6 రోజులు అంటే 60. మూడు వారాలకు 180. చట్టం చెప్పింది 144. అంటే ఓటీ డబ్బు ఇచ్చినా, సడలింపు లేని కంపెనీ రోజూ ఇలా చేయించడానికి వీల్లేదు. "డబ్బు ఇస్తున్నాం కదా" అనేది జవాబు కాదు.

రెండో ఉదాహరణ. గోదాములో డ్యూటీ మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 11 దాకా, మధ్యలో గంట విరామం. కంటైనర్ ఆలస్యంగా వచ్చిందని ఒంటిగంట దాకా ఆపారు. ఈ రెండు గంటలు 10–4 మధ్యలో పడ్డాయి. షిఫ్టులు మారని మనిషైతే 7.50 లెక్కన 15 దిర్హాములు రావాలి. 6.25తో 12.50 కడితే ఆ రాత్రికి రెండున్నర తగ్గింది. చిన్న మొత్తమే. నెలకు పది రాత్రులైతే 25 దిర్హాములు.

3. సెలవు రోజును రాత్రి మింగేస్తుంది

పగటి వాళ్లకు ఈ తిప్పలు లేవు. మీ సెలవు ఆదివారం అనుకుందాం. శనివారం రాత్రి 8కి ఎక్కిన డ్యూటీ ఆదివారం పొద్దున 7కి దిగుతుంది. మళ్లీ ఆదివారం రాత్రి 8కే రమ్మంటారు. కాగితం మీద ఆదివారం సెలవు. నిజానికి మీరు బస్సెక్కి క్యాంపుకొచ్చి, స్నానం చేసి, పడుకుని లేచేసరికి మళ్లీ యూనిఫామ్ వేసుకునే టైం అవుతుంది. ఇది సెలవు కాదు. రోస్టర్‌లో పూర్తి రోజు ఖాళీ ఉందో లేదో చూసుకోండి. సెలవు రోజు పని చేయిస్తే బదులుగా ఇంకో రోజు సెలవు ఇవ్వాలి, లేదా ఆ రోజు జీతం, దానికి తోడు బేసిక్‌లో కనీసం 50 శాతం కట్టాలి.

4. మీ చిన్న చిన్న సాహసాలే మీ సాక్ష్యం

రాత్రి డ్యూటీ వాళ్ల దగ్గర కథలకు కొదువ లేదు. రూములో చెప్పుకుని నవ్వుకుంటారు, తర్వాత మర్చిపోతారు. అలా మర్చిపోవద్దు. ఒక నోటుబుక్కు కొనండి. ఏడు గీతలు గీయండి: తేదీ, బస్సెక్కిన టైం, డ్యూటీ మొదలు, విరామం, డ్యూటీ ముగింపు, ఆపినవారి పేరు, ఆ రాత్రి ఏం జరిగింది. అర్ధరాత్రి దాటితే తేదీ మారుతుంది కాబట్టి డ్యూటీ మొదలైన రోజు తేదీనే ఎప్పుడూ రాయండి, లేకపోతే నెలాఖరుకు లెక్క కలవదు.

ఏడో గీత ఎందుకు అంటారా? ఉత్త అంకెలను ఎవరైనా "తర్వాత కూర్చుని రాసుకున్నావు" అనవచ్చు. అదే రాత్రి జరిగిన సంగతి పక్కన ఉంటే కొట్టిపారేయడం కష్టం. కొన్ని ఉదాహరణలు:

ఫైర్ అలారం. రాత్రి 2.40కి టవర్‌లో మోగింది. ఎవరో వంట మాడ్చారు. మీరు పన్నెండు అంతస్తులు ఎక్కి దిగారు. బిల్డింగ్ రికార్డులో అదే టైం ఉంటుంది. మీ నోటుబుక్కుకు అది తోడు. నిజంగా మంట అయితే మాత్రం ముందు 997కు ఫోన్, తర్వాతే సూపర్‌వైజర్‌కు. అంబులెన్స్‌కు 998, పోలీసుకు 999.

పొగమంచు. చలికాలం తెల్లవారుజామున మంచు దట్టంగా కమ్ముతుంది. క్యాంపు బస్సు ముందుకు కదలదు. మామూలుగా రాకపోకల టైం పని గంటల్లోకి రాదు. కానీ వాతావరణ కేంద్రం హెచ్చరిక ఇచ్చిన రోజు వాతావరణం వల్ల ఆలస్యమైనా, కంపెనీ బస్సుకు యాక్సిడెంట్ అయినా, హఠాత్తుగా చెడిపోయినా ఆ టైం పని గంటల్లో కలుస్తుంది. బస్సు ఎక్కడ ఆగింది, ఎప్పుడు కదిలింది రాయండి.

దొరికిన పర్సు. పార్కింగ్‌లో దొరికితే "పొద్దున ఇద్దాంలే" అని జేబులో పెట్టుకోవద్దు. వెంటనే లాగ్ బుక్కులో రాసి అప్పగించండి. మంచి చేయబోయి దొంగతనం మాట పడిన వాళ్లున్నారు.

ఫోర్క్‌లిఫ్ట్. రాత్రి పూట మనుషులు తక్కువ. "నువ్వు కొంచెం నడుపు" అంటారు. లైసెన్సు లేకుండా ఎక్కవద్దు. "సార్, నాకు లైసెన్సు లేదు, నడపమంటారా?" అని వాట్సాప్‌లో అడగండి. రాతలో అడిగితే చాలామంది వెనక్కి తగ్గుతారు.

ఒక జాగ్రత్త. రుజువు కోసమని ఎక్కడ పడితే అక్కడ ఫొటోలు తీయకండి. అనుమతి లేకుండా మనుషుల ఫొటోలు, నిషేధిత చోట్ల ఫొటోలు ఇక్కడ నేరం. కంపెనీని తిడుతూ వీడియో పెడితే కేసు మీ మీదికే వస్తుంది. నోటుబుక్కు, పే స్లిప్పులు, జీతం పడిన మెసేజ్‌లు, మీకు పంపిన డ్యూటీ మెసేజ్‌లు, ఇవి చాలు.

5. పగటి నిద్ర కూడా హక్కు లాంటిదే

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 దాకా ఎండలో బయటి పని నిషేధం. అందుకని కొన్ని సైట్లలో పనిని సాయంత్రానికి, రాత్రికి జరుపుతారు. ఎండ తప్పుతుంది. కానీ పగలు నిద్ర పట్టాలి కదా? ఒకే రూములో పగటి వాళ్లూ రాత్రి వాళ్లూ ఉంటే ఒకరు వంట, ఒకరు ఫోన్, ఒకరు లైటు. ఎవరిదీ తప్పు కాదు.

నలుగురు కలిసి క్యాంపు బాస్‌ను మర్యాదగా అడగండి: రాత్రి డ్యూటీ వాళ్లందరికీ ఒకే రూము ఇవ్వమని. ఖర్చు లేని పని కాబట్టి చాలాసార్లు ఒప్పుకుంటారు. కింది మంచానికి చుట్టూ ముదురు రంగు దుప్పటి కట్టుకోండి. డ్యూటీ చివరి గంటల్లో చాయ్, ఎనర్జీ డ్రింకులు మానేయండి. పొద్దున 7 అంటే ఇంటి దగ్గర ఎనిమిదిన్నర, పిల్లలు బడికి పోయే వేళ. అప్పుడే మాట్లాడేసి ఫోన్ పక్కన పెట్టండి. మధ్యాహ్నం ఫోన్ చేయొద్దని ఇంట్లో ముందే చెప్పండి, వాళ్లు అర్థం చేసుకుంటారు.

డ్రైవర్ అన్నలకు ప్రత్యేకంగా: స్టీరింగ్ ముందు రెప్ప ఒక్క క్షణం వాలినా చాలు. కునుకు వస్తోందంటే ఆపదగిన చోట బండి ఆపండి. ఆలస్యానికి మాట పడొచ్చు, ప్రాణం తిరిగి రాదు.

6. అడగాల్సి వస్తే

ముందు హెచ్ఆర్‌ను రాతలో అడగండి. తేలకపోతే మానవ వనరుల మంత్రిత్వ శాఖ, అంటే మోహ్రే. ఫిర్యాదు, సలహా కోసం 80084. మోహ్రే యాప్‌లో మీ కాంట్రాక్టు కూడా చూసుకోవచ్చు. 50,000 దిర్హాముల లోపు వివాదాల్లో మంత్రిత్వ శాఖే నిర్ణయం ఇవ్వగలదు. లక్ష దిర్హాముల లోపు క్లెయిమ్‌లకు కోర్టు ఫీజు లేదు. ఉద్యోగం ముగిసిన రెండేళ్ల లోపు అడగాలి. తెలుగులోనో హిందీలోనో ముందు మనవాళ్లతో మాట్లాడాలంటే దుబాయ్‌లోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది, నంబరు 80046342.

ఫిర్యాదు పెట్టాక కోపంతో డ్యూటీ మానవద్దు. సరైన కారణం లేకుండా వరుసగా 7 రోజులకు మించి రాకపోతే నోటీసు లేకుండా తీసేసే వీలు కంపెనీకి చట్టమే ఇస్తుంది. గెలిచే కేసును మన చేతులతో మనమే పాడు చేసుకోవద్దు.

ఈ వారం చేయాల్సిన పని

ఈ మూడు ప్రశ్నలకు నోటుబుక్కు మొదటి పేజీలో జవాబు రాయండి.

ఒకటి, మీ కాంట్రాక్టులో బేసిక్ ఎంత? దాన్ని 30తో, తర్వాత 8తో భాగిస్తే గంటకు ఎంత?
రెండు, మీ 8 గంటలు ఏ టైముకు నిండుతున్నాయి? ఆ తర్వాతి గంటలు 10–4 మధ్య పడుతున్నాయా?
మూడు, గత మూడు వారాల్లో మీరు చేసిన మొత్తం గంటలు ఎన్ని? 144 దాటాయా?

లెక్క కుదరకపోతే నోటుబుక్కు పట్టుకుని మన వాలంటీర్ల దగ్గరికి రండి, కూర్చుని కలిసి వేద్దాం. పక్క మంచం తమ్ముడికి చదవడం రాకపోతే అతని నోటుబుక్కు కూడా మీరే రాసిపెట్టండి.