బాత్రూమ్‌కి వెళ్లలేక ఆపుకుంటున్నాడు

సమస్య: మాది అనకాపల్లి దగ్గర పల్లెటూరు. మా చిన్నవాడు జడ్పీ హైస్కూల్లో పదో తరగతి. చిన్నప్పుడు అక్క చున్నీ కప్పుకుని తిరుగుతుంటే పోనీలే అనుకున్నాం. నిరుడు నాతో "అమ్మా, నేను ఆడపిల్లనే" అన్నాడు. బళ్లో బాత్రూమ్‌కి వెళ్తే మగపిల్లలు తలుపు బాది, ప్యాంటు లాగుతున్నారట. అందుకని పగలంతా నీళ్లు ముట్టడు, ఇంటికొచ్చేదాకా ఆపుకుంటాడు. రెండు రోజులుగా జ్వరం, మూత్రంలో మంట. మొన్న పుస్తకాల సంచిలో గర్భం రాకుండా వేసుకునే మాత్రల అట్ట కనబడింది. ఫోన్లో పరిచయమైన వాళ్లెవరో చెప్పారట. మావారికి మాత్రల సంగతి తెలియదు. ఎవరో డాక్టరు మార్చేస్తాడట, అక్కడికి తీసుకెళ్దామని పట్టుబట్టారు. హెడ్మాస్టరు గారేమో టీసీ తీసుకోమంటున్నారు. దారి చెప్పండి.
– ఓ తల్లి

సలహా: అమ్మా, జ్వరం సంగతి ముందు చూడండి. ఇవాళే ఆసుపత్రికి తీసుకెళ్లి మూత్ర పరీక్ష చేయించండి. మంటతో పాటు జ్వరం ఉందంటే ఇన్‌ఫెక్షన్ కిడ్నీల దాకా పోయి ఉండొచ్చు.

ఆ మాత్రలు ఆపించండి, కానీ తిట్టి కాదు. మీసం మొలుస్తోందని, గొంతు మారుతోందని లోలోపల ఎంత కుమిలిపోతే వాటి జోలికి వెళ్లిందో ఆ పిల్ల! డాక్టరు లేకుండా వాడితే రక్తం గడ్డకట్టే ప్రమాదముంది. ఒక కాలు వాచినా, ఛాతీలో నొప్పి గానీ ఆయాసం గానీ వచ్చినా క్షణం ఆగొద్దు. ఏం వేసుకుందో, ఎన్నాళ్లు వేసుకుందో డాక్టరుకి దాచకుండా చెప్పండి. విశాఖ కేజీహెచ్‌లో హార్మోన్ల డాక్టర్లున్నారు. ఈ వయసులో ఏం చెయ్యొచ్చో, దేనికి ఆగాలో వాళ్లే చెప్పాలి.

ఆ ఫోన్ పరిచయం ఎవరో కూడా మెల్లిగా అడగండి. ఫొటోలు పంపమన్నారా, రమ్మన్నారా, ఒంటి మీద చెయ్యి వేశారా? పద్దెనిమిదేళ్ల లోపు ఏ బిడ్డకైనా పోక్సో చట్టం రక్షణ ఉంది. అలాంటిదేదైనా జరిగి ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి. అవసరమైతే ప్రభుత్వాసుపత్రిలో హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ ఉచితం.

ఇక మీ వారి సంగతి. పిల్ల తాను ఆడపిల్లనని అనడం జబ్బు కాదు, మార్చే మందూ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మానసిక రోగాల జాబితాలోంచి ఎప్పుడో తీసేసింది. మారుస్తామంటూ చికిత్స చెయ్యడం వృత్తి ధర్మానికి విరుద్ధమని జాతీయ మెడికల్ కమిషన్ 2022లోనే డాక్టర్లకి చెప్పింది. డబ్బు పోవడంతో పాటు పిల్ల ప్రాణం మీదికీ వస్తుందని ఆయనకి గట్టిగా చెప్పండి. మీ మాట వినకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి కలిపి ఆయన చేతికివ్వండి. తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. పిల్ల దిగులుగా ఉన్నా అదే నంబరు.

టీసీ మాత్రం తీసుకోకండి. వేధించినవాళ్లు బళ్లో ఉండి, ఏడ్చిన పిల్ల బయటికి పోవడం ఏం న్యాయం? ట్రాన్స్‌జెండర్ పిల్లలకి చదువు నిరాకరించకూడదని 2019 చట్టం చెబుతోంది. వేధింపుల ఫిర్యాదులు వినడానికి ప్రతి విద్యాసంస్థలో కమిటీ ఉండాలని ఆ చట్టం కింద వచ్చిన 2020 నిబంధనలు చెబుతున్నాయి. ఈ రెండూ ప్రస్తావిస్తూ హెడ్మాస్టరు గారికి అర్జీ రాయండి. తలుపు బాదడం, ప్యాంటు లాగడం ఉన్నదున్నట్టు పెట్టండి. టీచర్ల బాత్రూమ్ వాడుకోనివ్వమని అడగండి, అది రేపటి నుంచే కుదిరే పని. కాపీ మీద బడి ముద్ర, తేదీ వేయించుకోండి. వారంలో కదలిక లేకపోతే ఆ కాపీతోనే డీఈవో ఆఫీసుకి వెళ్లండి.