రుద్రమ వేషానికి దర్జీ కావాలి

ఆగస్టు 15, కృష్ణాష్టమి, నవంబరు 14, ఆపైన స్కూళ్ల వార్షికోత్సవాలు. ఈ రోజులు దగ్గరపడితే అద్దె డ్రెస్సుల షాపులు కిటకిటలాడతాయి. రుద్రమదేవి వేషం అడిగినా, కృష్ణదేవరాయల వేషం అడిగినా చాలాచోట్ల చేతిలో పెట్టేది ఒకటే రకం: మెరిసే శాటిన్, గుచ్చుకునే జరీ లేసు, వెనకాల పిన్నీసు. పిల్లలు స్టేజీ ఎక్కకముందే చెమటకు, దురదకు ఏడుపు మొహం పెడతారు. టైలరింగ్ నేర్చుకుంటున్నవారికి అవకాశం ఇక్కడే ఉంది.

ముందు పాత కత్తిరింపు నేర్చుకోండి. పాతకాలపు జుబ్బాలో వంపులు తక్కువ. ముందూ వెనకా సూటి ముక్కలు, పక్కల కలీలు (కిందికి వెడల్పయ్యే త్రికోణపు ముక్కలు), చంకలో చదరపు ముక్క. పొడవాటి ముక్కను మూల నుంచి మూలకు కోస్తే రెండు కలీలు వస్తాయి, గుడ్డ వృథా కాదు. మధ్యయుగపు యూరప్‌వాళ్లూ ట్యూనిక్‌లకు కలీలు వేసేవారు. గ్రీన్‌లాండ్‌లో స్థిరపడ్డ యూరప్‌వాళ్ల హెర్యోల్ఫ్స్‌నెస్ శ్మశానంలో 1921 తవ్వకాల్లో దొరికిన అలాంటి బట్టల్లో పిల్లలవీ ఉన్నాయి.

ఏడేళ్ల పాప ఛాతీ 24 అంగుళాలైతే జుబ్బా 30కి కుట్టండి. చంకలో 3 అంగుళాల చదరపు ముక్కను ఏటవాలుగా తిప్పి వేస్తే, పాప కత్తి పైకెత్తినా జుబ్బా మీదికి లాక్కుపోదు. అరంగుళం మార్జిన్ వదిలితే, ఆ ముక్క మూలకు అరంగుళం ముందే కుట్టు ఆపాలి. చివరిదాకా లాగితే ముడత పడుతుంది. ఆ నాలుగు మూలలు చూస్తే చాలు, నాకు దర్జీ పనితనం తెలిసిపోతుంది. కింద 3 అంగుళాలు లోపలికి మడిచి ఉంచితే వచ్చే ఏడాది విప్పుకోవచ్చు. మెడ దగ్గర తాళ్లు మాత్రం పెట్టకండి. ఆటలో దేనికైనా చిక్కుకుంటే ప్రాణానికే ముప్పు.

రాయల కాలం టోపీలకు, అంచులకు లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాలు దగ్గరుండి చూసి గీసుకోండి. గుడ్డకు పెడన అద్దకపు నూలు బాగుంటుంది. శాటిన్ జోలికి పోవద్దు.

చదువంటారా, ఐటీఐల్లో ఏడాది కుట్టుపని కోర్సు ఉంది. ఇంటర్ తర్వాత ప్రవేశ పరీక్ష రాసి హైదరాబాద్ నిఫ్ట్‌లో నాలుగేళ్ల డిజైన్ డిగ్రీ చేయవచ్చు. 18 ఏళ్లు నిండి ఇప్పటికే కుట్టుపనితో బతుకుతున్నవారికి 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం ఉంది. శిక్షణ, పనిముట్లకు రూ.15 వేల దాకా సాయం, తొలి విడతగా 5 శాతం వడ్డీకి లక్ష రూపాయల వరకు రుణం ఇస్తారు.

22, 24, 26 ఛాతీ సైజుల్లో ఒక్కో శాంపిల్ కుట్టి జూన్‌లోనే స్కూళ్లకు, డ్యాన్స్ టీచర్లకు, నాటక సమాజాలకు చూపించండి. ఆగస్టులో వెళితే ఆ ఏడాది ఆర్డర్లు అప్పటికే అద్దె షాపులకు వెళ్లిపోయి ఉంటాయి.