పాచికలతో జీలం యుద్ధం: బల్ల మీది సైన్యాలు చెప్పే లెక్కలు

క్రీస్తుపూర్వం 326లో జీలం నది ఒడ్డున అలెగ్జాండర్‌ను ఎదిరించిన పోరస్ దగ్గర ఎన్ని ఏనుగులున్నాయి? ఈ చిన్న ప్రశ్నకు ముగ్గురు ప్రాచీన రచయితలు మూడు జవాబులు చెప్పారు. ఆరియన్ 200 అన్నాడు. డయోడరస్ 130 అన్నాడు. కర్టియస్ 85తో సరిపెట్టాడు. ముగ్గురిలో ఎవరూ ఆ యుద్ధాన్ని చూడలేదు. కొన్ని శతాబ్దాల తర్వాత, పాత రచనలను ముందు పెట్టుకుని రాసినవాళ్లే. పోరస్ వైపు నుంచి రాసిన కథనం ఒక్కటీ మనదాకా రాలేదు.

ఇలాంటి చోట చరిత్రకారులకు ఒక విచిత్రమైన పనిముట్టు అక్కరకొస్తుంది. రెండడుగుల చదరపు బల్ల, వేలి కణుపంత సైనికుల బొమ్మలు, రెండు పాచికలు. చూస్తే పిల్లల ఆటలా ఉంటుంది. లోపల ఉన్నది మాత్రం సంభావ్యతా గణితం.

యుద్ధాన్ని బల్ల మీదికి తెచ్చే ఆలోచన మనకు కొత్త కాదు. రథ, గజ, తురగ, పదాతి దళాలతో చతురంగం పుట్టింది ఈ నేల మీదే. అయితే చదరంగంలో బంటు ఏనుగును పట్టుకుంటే ఏనుగు చచ్చినట్టే, అక్కడ అదృష్టానికి చోటు లేదు. నిజమైన యుద్ధం అలా ఉండదని గుర్తించి, పాచికలను, నష్టాల పట్టికలను కలిపి ప్రష్యా సైన్యాధికారుల శిక్షణకు ఒక ఆటను ముద్రించినవాడు రైస్విట్జ్. అది 1824. ఆ తర్వాత 1913లో రచయిత హెచ్.జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’ పేరుతో బొమ్మ సైనికుల ఆటకు నియమాలు రాశాడు. ప్రాచీన సైన్యాలకే ప్రత్యేకించిన ఆటలు ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో బ్రిటన్‌లో ఊపందుకున్నాయి. వాటిలో 1990లో వచ్చిన ‘డి బెల్లిస్ ఆంటిక్విటాటిస్’, ఆటగాళ్ల నోట డీబీఏ, చాలా సరళమైనది. అందుకే లెక్క నేర్చుకోవడానికి అనువైనదీ అదే.

ఒక్కో పక్షానికి 12 దళాలు. 15 మిల్లీమీటర్ల బొమ్మలతో ఆడితే ఒక్కో దళం 40 మిల్లీమీటర్ల వెడల్పున్న పలక. ప్రతి దళానికీ ఒక బలం అంకె ఉంటుంది. గ్రీకు హోప్లైట్ల వంటి ఈటెల దళానికి 4. రోమన్ లీజియన్ల వంటి ఖడ్గదళానికి, ఎదురుగా కాల్బలం ఉన్నప్పుడు, 5. రెండు దళాలు తలపడితే ఇద్దరూ చెరో పాచిక వేసి, తమ అంకెకు కలుపుకుంటారు. తక్కువ వచ్చినవాడు వెనక్కి తగ్గాలి. మొత్తం ఎదుటివాడి దాంట్లో సగమో, అంతకంటే తక్కువో అయితే ఆ దళం నాశనమైనట్టే. ముందుగా నాలుగు దళాలు పోగొట్టుకుని, ఎదుటివాడికంటే ఎక్కువ నష్టపోయినవాడు ఓడినట్టు.

ఒక్క అంకె విలువెంత?

ఐదుకీ నాలుగుకీ తేడా ఒకటే కదా అనిపిస్తుంది. రెండు పాచికలు 36 రకాలుగా పడవచ్చు. ఇద్దరి బలమూ సమానమైతే వాటిలో 15 ఒకరివి, 15 మరొకరివి, 6 సమానం. ఖడ్గదళం 5తో, ఈటెల దళం 4తో తలపడితే ఈ లెక్క తారుమారవుతుంది. ఖడ్గదళానికి 21, ఈటెల దళానికి 10, సమానం 5. ఒక్క అంకె ఆధిక్యంతో గెలుపు అవకాశం ఎదుటివాడికి రెట్టింపు దాటింది. రెండు పాచికల తేడా ఎక్కువసార్లు సున్నా దగ్గరే పడుతుంది, అంచులకు పోయేకొద్దీ అరుదవుతుంది. కుప్ప మధ్యలో కొద్దిగా జరిగినా చాలా ఫలితాలు అటునుంచి ఇటు దూకుతాయి.

ఇప్పుడు రెండో ప్రశ్న. గెలవడం సరే, నాశనం చేయడం ఎంత తేలిక? ఈటెల దళానికి 1 పడి మొత్తం 5 కావాలి, ఖడ్గదళానికి 5 లేదా 6 పడాలి. అంటే 36లో 2 మాత్రమే. ఈటెల దళం ఖడ్గదళాన్ని నాశనం చేసే అవకాశం అసలు సున్నా. ఎదురెదురుగా నిలబడ్డ రెండు బరువైన వరుసలు చాలాసేపు తోసుకుంటాయి తప్ప తొందరగా తేలవు. ప్రాచీన కథనాలు వర్ణించేదీ దాదాపు ఇదే.

వరుస చెదిరితే కథ మారుతుంది. పక్కనున్న తోటి దళం పోయి, శత్రువు వరుస ఒక పక్కన పొడుచుకొస్తే బలంలో 1 తగ్గించాలని నియమం. రెండు పక్కలా అలా జరిగితే 4 కాస్తా 2 అవుతుంది. ఇప్పుడు 36లో 30 సార్లు ఖడ్గదళానిదే గెలుపు. నాశనం చేసే అవకాశం 2 నుంచి 12కి, అంటే పద్దెనిమిదింట ఒకటి నుంచి మూడింట ఒకటికి పెరిగింది. సైనికులు మారలేదు, ఆయుధాలు మారలేదు, మారింది రేఖాగణితం. క్రీస్తుపూర్వం 216లో కన్నే దగ్గర సంఖ్యలో పెద్దదైన రోమన్ సైన్యాన్ని హన్నిబాల్ చుట్టుముట్టి తుడిచిపెట్టడం వెనక ఉన్నదీ ఈ సూత్రమే. మధ్యలో ఇరుక్కున్న సైనికుడు లెక్కలో ఉంటాడు, పోరాటంలో ఉండడు.

బ్రిటిష్ ఇంజనీరు లాంచెస్టర్ 1914లో దీన్నే సమీకరణాల్లో పెట్టాడు. చేయి చేయి కలిసే పోరులో ఒకరికి ఒకరే ఎదురు కనుక సైన్యం బలం సంఖ్యకు అనులోమంగా ఉంటుంది. గురిచూసి దూరం నుంచి కాల్చే పోరులో పలువురు ఒక్కడి మీద గురిపెట్టగలరు కనుక బలం సంఖ్య వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. రెట్టింపు మంది ఉన్నవారిని ఆపాలంటే అక్కడ నాలుగు రెట్ల నైపుణ్యం కావాలి.

ఏనుగుల వరుసను కొలిస్తే

ఇక జీలం ఒడ్డుకు వద్దాం. పోరస్ ఏనుగులను కాల్బలం ముందు వరుసగా, దాదాపు వంద అడుగులకొకటి చొప్పున నిలిపాడని ఆరియన్ రాశాడు. వంద అడుగులంటే సుమారు 30 మీటర్లు. 200 ఏనుగులైతే వరుస పొడవు 6 కిలోమీటర్లు. అదే ఆరియన్ చెప్పిన ప్రకారం, అలెగ్జాండర్ వెంట నది దాటింది సుమారు 6 వేల కాల్బలం, 5 వేల గుర్రాలు. కాల్బలాన్ని ఎనిమిది వరుసల లోతున, మనిషికి మీటరు చొప్పున నిలిపితే వచ్చే పొడవు 750 మీటర్లే. బల్ల మీద ఈ కొలతలతో బొమ్మలు పేర్చగానే విషయం కళ్లకు కడుతుంది. పోరస్ వరుస రెండు పక్కలా కిలోమీటర్ల మేర పొడుచుకొస్తుంది, కానీ ఆ చివరన ఉన్న ఏనుగులు పోరు దగ్గరికి నడిచేలోపే అంతా అయిపోవచ్చు. కర్టియస్ చెప్పిన 85 ఏనుగులతో వరుస రెండున్నర కిలోమీటర్లకు కుదించుకుపోతుంది. ఇది నడిపించగల సైన్యంలా కనిపిస్తుంది. ఏనుగుల సంఖ్య 85 అని దీనివల్ల రుజువు కాదు. 200 అనేది గానీ, వంద అడుగుల ఎడం గానీ, రెండూ ఒకేసారి నిజమై ఉండటం కష్టమని మాత్రం తేలుతుంది.

అలెగ్జాండర్ చేసింది కూడా కొలతల పనే. అశ్వదళంలో ఎక్కువ భాగాన్ని పోరస్ ఎడమ అంచు మీదికి నడిపాడు. సేనాని కోయినస్‌ను చుట్టుతిప్పి భారతీయ అశ్వదళం వెనక్కి పంపాడు. ఆ దళం రెండు వైపులకూ ముఖం తిప్పాల్సి వచ్చింది. ఏనుగుల మీదికి బరువైన ఫాలాంక్స్ ఒక్కటే వెళ్లలేదు, తేలికపాటి సైనికులు చుట్టూ చేరి మావటులను, ఏనుగులను ఈటెలతో, బాణాలతో గాయపరిచారు. బెదిరిన ఏనుగులు తనవాళ్లు, పరాయివాళ్లు అన్న తేడా లేకుండా తొక్కాయి. డీబీఏ దీన్ని ఒక్క నియమంలో ఇమిడ్చింది. తేలికపాటి కాల్బలం చేతిలో ఓడిన ఏనుగు దళం వెనక్కి తగ్గదు, నాశనమవుతుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. జీలంలో ఏనుగులు తేలికపాటి దళాల చేతిలో ఓడాయని చదివి ఆ నియమం రాసి, ఆ నియమంతో ఆడి, చూశారా ఏనుగులు ఓడాయి అంటే అది పరీక్ష కాదు, ప్రశ్ననే జవాబుగా తిప్పి చెప్పడం. లండన్ కింగ్స్ కాలేజీలో ఆచార్యుడిగా పనిచేసిన ఫిలిప్ సాబిన్ 2007 నాటి ‘లాస్ట్ బ్యాటిల్స్’ పుస్తకంలో ఎంచుకున్న దారి దీనికి మెరుగైన విరుగుడు. ఒకే నియమావళితో అనేక ప్రాచీన యుద్ధాలను ఆడించాడు. ఒక యుద్ధానికి సరిపడేలా అంకె మారిస్తే అది మిగతా యుద్ధాల్లో బయటపడుతుంది. ఒకేచోట తీసుకున్న కొలతలకు అతిగా అతికిన సమీకరణం మరోచోట తప్పుతుందని భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఎవరైనా చెబుతారు.

స్కేలు విషయంలో మాత్రం ఈ ఆటలను తప్పుపట్టడం న్యాయం కాదు. 15 మిల్లీమీటర్ల బొమ్మ మనిషికి వందో వంతుకు కాస్త తక్కువ. అదే నిష్పత్తిలో భూమినీ కుదిస్తే రెండున్నర కిలోమీటర్ల వరుసకు 20 మీటర్లకు పైగా పొడవున్న బల్ల కావాలి. అందుకే మనిషికి ఒక స్కేలు, నేలకు మరో స్కేలు వాడతారు. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో నదుల నమూనాలు కట్టే ఇంజనీర్లకు ఈ ఉపాయం పరిచయమే. నదిని అన్ని దిక్కులా ఒకే నిష్పత్తిలో కుదిస్తే నీరు పలుచని పొరలా మిగులుతుంది, కాబట్టి లోతుకు వేరే స్కేలు ఇస్తారు.

మరి పోరస్ గెలిచి ఉండేవాడా? ఎవరైనా పదిసార్లు ఆడి, ఏడుసార్లు పోరస్ గెలిస్తే, అతనికి యుద్ధం అనుకూలమేనని తేల్చేయాలనిపిస్తుంది. కానీ ఇద్దరికీ సరిసమానమైన అవకాశం ఉన్నా పదింట ఏడు లేదా అంతకంటే ఎక్కువ గెలుపులు పోరస్ పక్షానికే రావడానికి ఉన్న అవకాశం 1024లో 176, అంటే 17 శాతం. వంద ఆటల్లో 70 గెలిస్తే లెక్క వేరు, అది కాకతాళీయంగా జరిగే అవకాశం లక్షకు నాలుగు. ఒక్కో ఆటకు గంట చొప్పున అది వంద గంటల పని. పాచికలు వేసే పనిని కంప్యూటర్ క్షణంలో ముగిస్తుంది. గంట పట్టేది ఏ దళాన్ని ఎప్పుడు కదపాలన్న నిర్ణయానికి, అది రెండు వైపులా కూర్చున్న మనుషులే తీసుకోవాలి. వాళ్లకు జీలంలో ఏం జరిగిందో ముందే తెలుసు. పోరస్ పక్షాన కూర్చున్న ఏ ఆటగాడూ ఎడమ అంచును కాపాడకుండా వదిలిపెట్టడు.