ఎవరూ ఎదురుచూడని బండి

పాఠ్యభాగ నేపథ్యం

తీరిక వేళలను సార్థకం చేసే అభిరుచులలో రైళ్ళ పరిశీలన ఒకటి. చాలామంది దీనిని కాలక్షేపంగా మాత్రమే భావిస్తారు. అయితే శ్రద్ధతో, నియమంతో అభ్యసించినప్పుడు ఈ అభిరుచి మన ప్రాంతాన్ని మనకు పరిచయం చేస్తుంది. రేపటి చరిత్రకారునికి ఆధారాలను సమకూరుస్తుంది. పల్నాటి సీమలో తిరిగే గూడ్సు బండ్లను దృష్టాంతంగా తీసికొని ఈ విషయాన్ని వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

పల్నాడు అనగానే మనకు స్ఫురించేది వీరగాథ. గురజాల, మాచర్ల రాజ్యాల వైరం, కారంపూడి రణరంగం, బ్రహ్మనాయుని చాపకూడు, నాయకురాలి మంత్రాంగం తరతరాలుగా తెలుగువారి నోళ్ళలో నానుతూ వచ్చాయి. ఒకనాడు పోరాడుకొన్న ఆ రెండు రాజధానులు నేడు ఒకే రైలు మార్గంలోని స్టేషన్లు. నడికుడి నుండి బయలుదేరిన బండి గురజాల, రెంటచింతలల మీదుగా మాచర్ల చేరుతుంది. కత్తులు విడదీసిన ఊళ్ళను ఇనుప పట్టాలు కలిపాయి.

ఈ పట్టాల మీద రెండు రకాల బండ్లు నడుస్తాయి. మొదటిది ప్రయాణికుల బండి. దానికి ఒక పేరు, ఒక సంఖ్య, ఒక వేళ ఉంటాయి. దాని కోసం జనం ఎదురుచూస్తారు. రెండవది గూడ్సు బండి. దాని రాకపోకల వేళలను ప్రయాణికులకు ఎవరూ ప్రకటించరు. ప్లాట్‌ఫారం మీద నిలిచిన వారు ఆ చప్పుడు పోయే వరకు మాటలు ఆపి, అది దాటిపోగానే మళ్ళీ మాటలలో పడతారు. దానిని ఆసక్తితో చూసేవారు పిల్లలే. ఒకటి, రెండు, మూడు అంటూ చివరి పెట్టె దాకా లెక్కపెడతారు. పెద్దయిన తరువాత కూడా ఆ లెక్క మానని వారు కొందరున్నారు. వారినే రైలు అభిమానులు అంటాము.

ఈ అభిరుచికి ప్రపంచంలో పెద్ద చరిత్రే ఉన్నది. ఇంగ్లండులో సదరన్ రైల్వే కార్యాలయంలో పనిచేసిన ఇయాన్ అలన్ అనే యువకుడు 1942లో ఆ రైల్వే ఇంజన్ల సంఖ్యలతో ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. చూసిన ఇంజనుకు ఎదురుగా గీత గీసుకొనే అలవాటు ఆ దేశంలోని బాలురందరికీ వ్యాపించింది. మన దేశపు రైళ్ళ పట్ల ఇటువంటి ఆసక్తి గలవారు 1989లో ఒక సంఘంగా ఏర్పడ్డారు. అదే ఇండియన్ రైల్వేస్ ఫ్యాన్ క్లబ్. ఇంజన్లు, పెట్టెలు, సిగ్నళ్ళు, స్టేషన్ల గురించి ఆ సంఘ సభ్యులు సేకరించిన సమాచారం, తీసిన ఛాయాచిత్రాలు నేడు భారతీయ రైల్వేలను అధ్యయనం చేసేవారికి విలువైన భాండాగారం.

అభిమానులలో కూడా ఎక్కువమంది మొదట వేగవంతమైన ఎక్స్‌ప్రెస్ బండ్ల వైపే మొగ్గుతారు. కాని వయస్సును బట్టి చూస్తే మన దేశంలో గూడ్సు బండే పెద్దది. బొంబాయి నుండి ఠాణాకు మొదటి ప్రయాణికుల రైలు నడిచింది 1853 ఏప్రిల్ 16న. అంతకు ముందే 1837లో మద్రాసు సమీపంలోని రెడ్‌హిల్స్ వద్ద రోడ్లకు కావలసిన రాయిని మోయడానికి పట్టాలు వేశారు. 1845లో మన ధవళేశ్వరం వద్ద గోదావరి ఆనకట్టకు రాయి చేరవేయడానికి మరొక మార్గం ఏర్పడింది. మనిషి కంటే ముందు రైలెక్కినది రాయి. ఆ రాయి వల్లనే ఆనకట్ట లేచింది. ఆ ఆనకట్ట వల్లనే డెల్టా పండింది. గూడ్సు బండి చేసే మేలు ఎప్పుడూ ఇటువంటిదే. అది కంటికి కనబడదు, కంచంలో కనబడుతుంది.

పల్నాటి గూడ్సు బండ్ల కథ కూడా రాతితోనే ముడిపడి ఉన్నది. పిడుగురాళ్ళ, దాచేపల్లి, మాచర్ల ప్రాంతాల నేల అడుగున విస్తారంగా సున్నపురాయి ఉన్నది. భూగర్భ శాస్త్రజ్ఞులు దీనిని నర్జీ సున్నపురాయి అంటారు. పిడుగురాళ్ళలో సున్నపు బట్టీలు, చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలు వెలసినది ఈ రాతి కారణంగానే. సిమెంటుకు మూలమైన క్లింకరు ఒక టన్ను తయారు కావాలంటే సుమారు ఒకటిన్నర టన్నుల సున్నపురాయి అవసరం. కాల్చినప్పుడు రాతి బరువులో కొంత భాగం బొగ్గుపులుసు వాయువుగా మారి గాలిలో కలిసిపోతుంది. పోయే బరువును దూరం మోయడం దండుగ. అందువల్ల రాయి ఉన్న చోటికే కర్మాగారం వస్తుంది. కాల్చడానికి కావలసిన బొగ్గు దూరం నుండి రైలులో వస్తుంది. తయారైన సిమెంటు రైలులోను, లారీలలోను వెళ్ళిపోతుంది. ఒక స్టేషనులో గంటసేపు నిలబడి, ఏ బండి ఏ సరకుతో ఎటు పోతున్నదో గమనించినవానికి ఈ అర్థశాస్త్ర పాఠం పుస్తకం లేకుండానే బోధపడుతుంది.

ఈ సీమకు రెండు పాత మార్గాలున్నాయి. గుంతకల్లు వైపు నుండి నంద్యాల, వినుకొండ, నరసరావుపేటల మీదుగా గుంటూరుకు వచ్చే మార్గం 19వ శతాబ్దపు చివరి దశకాలలో ఏర్పడింది. గుంటూరు నుండి సత్తెనపల్లి, పిడుగురాళ్ళ, నడికుడిల మీదుగా మాచర్ల చేరే మార్గం 1930 ప్రాంతంలో వచ్చింది. రెండూ మొదట మీటరు గేజి మార్గాలే. తరువాతి కాలంలో నడికుడి నుండి కృష్ణానదిని దాటి విష్ణుపురం, మిర్యాలగూడల మీదుగా హైదరాబాదు వైపు దారి ఏర్పడింది. 2011-12లో మంజూరైన 309 కిలోమీటర్ల నడికుడి - శ్రీకాళహస్తి మార్గంలో ముందుగా పూర్తయిన పిడుగురాళ్ళ - శావల్యాపురం భాగం ఆ రెండు పాత మార్గాలను పల్నాడు లోపలనే కలిపింది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా అవతరించినప్పటికి ఈ మార్గాలే జిల్లాకు నరాల వలె విస్తరించి ఉన్నాయి.

గూడ్సు బండిని చూడడం వేరు, చదవడం వేరు. చదవడానికి ముందు అక్షరాలు నేర్చుకోవాలి. ఇంజను మీద డబ్ల్యు.ఎ.జి.-9 అని ఉంటే, మొదటి అక్షరం బ్రాడ్ గేజిని, రెండవది ఏ.సి. విద్యుత్తును, మూడవది గూడ్సును సూచిస్తుంది. డబ్ల్యు.డి.జి.-4 అని ఉంటే అది డీజిలు ఇంజను. మీటరు గేజి ఇంజన్ల పేర్లు వై అనే అక్షరంతో మొదలయ్యేవి. డబ్ల్యు.ఎ.జి.-9 శక్తి సుమారు 6,000 అశ్వశక్తి. బీహారులోని మధేపురాలో తయారై 2020లో సేవలోకి వచ్చిన డబ్ల్యు.ఎ.జి.-12 శక్తి అందుకు రెట్టింపు. ఇంజను ప్రక్కన దాని షెడ్డు పేరు కూడా వ్రాసి ఉంటుంది. గుత్తి, కాజీపేట, లాలాగూడ, విజయవాడ వంటి పేర్లను చదివితే ఆ ఇంజను ఏ ఊరి బిడ్డయో తెలుస్తుంది.

పెట్టెలకు కూడా భాష ఉన్నది. పైకప్పు లేని బి.ఓ.ఎక్స్.ఎన్. పెట్టెలు బొగ్గును మోస్తాయి. తలుపులు మూసి ఉండే బి.సి.ఎన్. పెట్టెలు సిమెంటును, ఎరువులను, ధాన్యాన్ని మోస్తాయి. గుండ్రని బి.టి.పి.ఎన్. పెట్టెలలో పెట్రోలు, డీజిలు వంటి నూనెలు వెళతాయి. ప్రతి పెట్టె మీద పదకొండు అంకెల సంఖ్య ఉంటుంది. మొదటి రెండు అంకెలు పెట్టె రకాన్ని, తరువాతి రెండు అది ఏ రైల్వే జోనుకు చెందినదో, ఆ తరువాతి రెండు తయారైన సంవత్సరాన్ని తెలుపుతాయి. తరువాతి నాలుగు అంకెలు ఆ పెట్టె సొంత సంఖ్య. చివరి అంకె, వ్రాతలో దొర్లే పొరపాటును పట్టుకోవడానికి ఉద్దేశించినది.

తలుపులు మూసిన పెట్టెలో సరకున్నదో లేదో తెలిసికోవడానికి కూడా ఉపాయం ఉన్నది. నిండిన పెట్టె బరువుకు చక్రాల దగ్గరి స్ప్రింగులు అణగి ఉంటాయి. బండి గంభీరంగా సాగిపోతుంది. ఖాళీ పెట్టెలు గలగలలాడుతూ ఎగిరెగిరి పడతాయి. నిండు కుండ తొణకదన్న సామెత పట్టాల మీద కూడా నిజమే.

చూసినదానిని ఛాయాచిత్రంగా పట్టుకోవడం ఈ అభిరుచిలో రెండవ మెట్టు. దీనికి విలువైన కెమెరా అవసరం లేదు; ఓర్పు అవసరం. గూడ్సు బండికి ప్రకటించిన వేళ లేదు కాబట్టి సిగ్నలు మారడమే దాని రాకకు సూచన. రెంటచింతల ఎండలు రాష్ట్రమంతటా ప్రసిద్ధమైనవి. మధ్యాహ్నపు ఎండలో ఇంజను రంగు వెలవెలబోతుంది, పెట్టెల కింది భాగం నల్లని నీడలో మునిగిపోతుంది. సూర్యోదయం తరువాతి గంట, సూర్యాస్తమయానికి ముందటి గంట మేలైనవి. సూర్యుడు వెనుక ఉండేటట్లు నిలబడాలి. బండి మలుపు తిరిగే చోటు దూరం నుండి కనబడితే పెట్టెల వరుస అంతా ఒకే చిత్రంలో ఇమిడిపోతుంది. ఇంజనుతో పాటు మిరప చేనో, సున్నపు బట్టీ పొగయో, గేటు దగ్గర ఆగిన ఎడ్లబండియో చిత్రంలో ఉంటే అది ఏ సీమ బండియో చూసేవారికి తెలుస్తుంది. ప్రతి చిత్రానికీ తేదీ, వేళ, స్థలం, బండి పోయే దిక్కు, ఇంజను సంఖ్య, పెట్టెల రకం, లెక్క ఒక పుస్తకంలో వ్రాసి ఉంచాలి. వివరం లేని చిత్రం చిరునామా లేని ఉత్తరం వంటిది.

ఈ అభిరుచికి ఒక లక్ష్మణరేఖ ఉన్నది. అది రైల్వే సరిహద్దు. అనుమతి లేకుండా రైల్వే ఆవరణలో ప్రవేశించడం 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షను ప్రకారం శిక్షార్హమైన నేరం. చట్టం మాట అటుంచినా, ప్రాణం మాట ఉన్నది. వేల టన్నుల బరువుతో వచ్చే బండి బ్రేకు వేసిన తరువాత ఒక కిలోమీటరు దాకా పోవచ్చు. లోకో పైలట్ మనిషిని చూసినా బండిని ఆపలేడు. విద్యుత్తు ఇంజను దగ్గరికి వచ్చే వరకు పెద్దగా చప్పుడు చేయదు. పై తీగలలో 25,000 వోల్టుల విద్యుత్తు ప్రవహిస్తూ ఉంటుంది. కాబట్టి పట్టాల మీద, పట్టాల ప్రక్కన, వంతెనల మీది రైలు దారిలో, పెట్టెల పైన నిలిచి చిత్రం తీయరాదు. స్టేషనులో తీయదలచినవారు స్టేషను మాస్టరు అనుమతి పొంది, ప్లాట్‌ఫారం అంచుకు దూరంగా నిలబడాలి. రోడ్డు వంతెన, మూసిన గేటుకు ఇవతలి రోడ్డు, సరిహద్దు వెలుపలి పొలం గట్టు సురక్షితమైన చోట్లు. ఎంత గొప్ప చిత్రమైనా ఒక ప్రాణానికి సమానం కాదు.

ఇంత శ్రమ ఎందుకు అనే ప్రశ్నకు అమెరికా ఛాయాచిత్రకారుడు ఓ. విన్‌స్టన్ లింక్ కృషియే సమాధానం. వర్జీనియా ప్రాంతంలో బొగ్గును మోసే నార్ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వేలో ఆవిరి ఇంజన్లు కనుమరుగు కాబోతున్నవని గ్రహించి, 1955 నుండి 1960 వరకు ఆయన వాటిని చిత్రించాడు. ఎక్కువగా రాత్రి వేళ, పెద్ద ఫ్లాష్ దీపాల వెలుగులో, సొంత ఖర్చుతో తీశాడు. ఆ చిత్రాలలో ఇంజనుతో పాటు దాని ప్రక్కన బ్రతికిన ఊళ్ళు కూడా నిలిచి ఉన్నాయి. 2004లో రోనోక్ నగరంలో ఆయన పేరిట ఒక ప్రదర్శనశాల వెలసింది.

మన మీటరు గేజి మార్గాలు 1990ల దశకంలో బ్రాడ్ గేజిగా మారాయి. మాచర్ల దాకా ఆ చిన్న బండ్లు అరవై యేళ్ళ పాటు సరకులను, మనుషులను మోశాయి. వాటి చిత్రాలు మన ఇండ్లలో ఎన్ని ఉన్నాయి? పెండ్లి చిత్రాలు దాచుకొన్నాము. పెండ్లివారు దిగిన బండి చిత్రం దాచుకోలేదు. నేడు విద్యుదీకరణతో డీజిలు ఇంజన్లు తగ్గిపోతున్నాయి. 2022 నుండి గార్డు అనే పేరు కూడా మారి ట్రైన్ మేనేజరు అయింది. నిత్యం కనబడేది ఎల్లకాలం ఉంటుందని మనం భ్రమపడతాము. నిత్యం కనబడేదే ముందుగా మరపున పడుతుంది. ఎండావానలలో ఎవరూ ఎదురుచూడకున్నా వచ్చిపోయే బండి కోసం ఒక విద్యార్థి కెమెరాతో, నోటుపుస్తకంతో ఎదురుచూస్తే, అతడు తన ఊరి చరిత్రలో ఒక పుట వ్రాసినవాడవుతాడు.

కఠిన పదాలకు అర్థాలు

దృష్టాంతం = ఉదాహరణ
మంత్రాంగం = రాజకీయ ఆలోచన
భాండాగారం = నిధి దాచే చోటు
దండుగ = వృథా వ్యయం
లక్ష్మణరేఖ = దాటరాని హద్దు
పుట = పుస్తకంలోని పేజీ

వ్యాసరూప ప్రశ్నలు

1. పల్నాటి గూడ్సు బండ్లకు, అక్కడి సున్నపురాయికి గల సంబంధాన్ని వివరించండి.
2. గూడ్సు బండిని 'చదవడం' అంటే ఏమిటి? పాఠం ఆధారంగా వ్రాయండి.

సంగ్రహరూప ప్రశ్నలు

1. ఛాయాచిత్రాలు తీసేవారు పాటించవలసిన జాగ్రత్తలేవి?
2. విన్‌స్టన్ లింక్ కృషిని, మీటరు గేజి మార్గాల స్థితితో పోల్చి వ్రాయండి.

సందర్భ సహిత వ్యాఖ్యలు

1. మనిషి కంటే ముందు రైలెక్కినది రాయి.
2. వివరం లేని చిత్రం చిరునామా లేని ఉత్తరం వంటిది.

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. ధవళేశ్వరం వద్ద రాయి మోసే రైలు మార్గం ఏ సంవత్సరంలో ఏర్పడింది?
2. పెట్టె సంఖ్యలో అయిదు, ఆరు అంకెలు దేనిని తెలుపుతాయి?

సంధులు

సూర్యోదయం = సూర్య + ఉదయం – గుణసంధి
శతాబ్దం = శత + అబ్దం – సవర్ణదీర్ఘసంధి

సమాసాలు

ఇనుప పట్టాలు = ఇనుముతో చేసిన పట్టాలు – తృతీయా తత్పురుష సమాసం
ఎండావానలు = ఎండయును, వానయును – ద్వంద్వ సమాసం

అభ్యాసం

మీ ఊరికి సమీపంలోని స్టేషను ప్లాట్‌ఫారం మీద, స్టేషను మాస్టరు అనుమతితో, ఒక గంటసేపు గూడ్సు బండ్లను గమనించి, మీరు చూసిన వివరాలతో ఇరవై పంక్తుల వ్యాసం వ్రాయండి.