మూకీ సినిమాల మీద రాయడం ఎలా?

1913లో ఫాల్కే ‘రాజా హరిశ్చంద్ర’ వచ్చాక ఇరవై ఏళ్లలో మన దేశంలో వెయ్యికి పైగా మూకీలు తయారయ్యాయి. వాటిలో ఇవాళ చూడడానికి మిగిలినవి, తెగిపోయిన ముక్కలతో కలిపినా, పదుల్లోనే. రఘుపతి వెంకయ్య నాయుడు, ఆయన కుమారుడు ప్రకాశ్ 1921లో మద్రాసులో తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ కూడా పోయింది. అలాంటి సినిమాల గురించి ఎవరైనా తప్పు రాస్తే దిద్దడానికి తెరమీద బొమ్మ లేదు. ఆ తప్పే చరిత్రగా నిలిచిపోతుంది. అందుకే మూకీల మీద కలం పట్టేవాళ్లు మొదటి రోజు నుంచే కొన్ని అలవాట్లు చేసుకోవాలి.

1. ముందు ఒక సినిమా చూడండి

చరిత్ర పుస్తకంతో మొదలుపెట్టకండి. ప్రింటు మిగిలిన సినిమా ఒకటి ఎంచుకోండి. నన్నడిగితే ఫాల్కే 1919లో తీసిన ‘కాళీయ మర్దన్’ చెబుతాను. అందులో ఆయన కూతురు మందాకిని, ఏడేళ్ల పిల్ల, ముందుగా కెమెరాకి ఎదురుగా నిలబడి ముఖంలో ఒక్కొక్క భావమూ పలికిస్తుంది. కృష్ణుడి వేషంలోకి వచ్చేది ఆ తర్వాతే. కథలోకి వెళ్లకముందే ఫాల్కే మనకు నటన అంటే ఏమిటో చూపిస్తున్నాడు. ఇలాంటిది కంటపడగానే ఆపి రాసుకోండి.

చూసేటప్పుడు సౌండ్ తీసేయండి. ఇప్పుడు వినిపించే సంగీతం తర్వాతి కాలంలో ఎవరో చేర్చింది. ఆ రోజుల్లో హార్మోనియం, తబలా వాయించేవాళ్లు తెర పక్కనే కూర్చునేవారు. చదువురాని ప్రేక్షకుల కోసం కథను బిగ్గరగా చెప్పే మనిషి ఉండేవాడు. అవన్నీ ఊరిని బట్టి, హాలుని బట్టి మారేవి. కాబట్టి ఇవాళ్టి సంగీతాన్ని దర్శకుడి ఖాతాలో వేయకూడదు.

రెండోసారి చూసేటప్పుడు కాగితం దగ్గర పెట్టుకోండి. కెమెరా ఎంత దూరంలో ఉంది, టైటిల్ కార్డు ఎక్కడ పడింది, నటి చూపు ఎటుంది, చేతులు ఏం చేస్తున్నాయి అన్నవి రాయండి. ‘అద్భుతంగా నటించింది’ అనే వాక్యం ఎవరైనా రాయగలరు. చేతుల సంగతి చూసినవాళ్లే రాయగలరు.

ఇక్కడ తెలుగువాళ్లకు ఒక అనుకూలత ఉంది. పౌరాణిక మూకీల్లో కథను సగంలో అందుకున్నా మనకు తెలుస్తుంది. పద్య నాటకాలు చూసి పెరిగినవాళ్లయితే నటుడు ఎక్కడ రంగస్థలం మీద నిలబడ్డట్టు నిలబడ్డాడో, ఎక్కడ కెమెరా కోసం తగ్గించాడో ఇట్టే పసిగడతారు. మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’లో నటించింది సురభి నాటక సమాజం వాళ్లే. నాటకానికీ తెరకీ మధ్య రాకపోకల మీద తెలుగులో రాయాల్సింది ఇంకా ఎంతో ఉంది.

2. వేగం లెక్క నేర్చుకోండి

మూకీల్లో మనుషులు గబగబా నడుస్తారని చాలామంది నవ్వుకుంటారు. అది తీసినవాళ్ల తప్పు కాదు. అప్పుడు కెమెరామన్ చేత్తో పిడి తిప్పుతూ తీసేవాడు. సెకనుకి సుమారు 16 ఫ్రేములు పడేవి, ఒక్కోసారి అటూఇటూ అయ్యేవి. టాకీలు వచ్చాక వేగం 24 దగ్గర స్థిరపడింది. 16తో తీసినదాన్ని 24తో ఆడిస్తే ఒకటిన్నర రెట్లు వేగంగా కదులుతుంది.

35 ఎంఎం ఫిల్మ్ అడుగుకి 16 ఫ్రేములు ఉంటాయి. అంటే పాత వేగంతో అడుగుకి ఒక సెకను. ‘రాజా హరిశ్చంద్ర’ నిడివి 3,700 అడుగులని రికార్డుల్లో ఉంది. ఆ లెక్కన గంట దాటి ఆడాలి. 24 వేగంతో అయితే 41 నిమిషాల్లో అయిపోతుంది. సినిమా నిడివి రాసేటప్పుడు ఏ వేగంతో లెక్కించారో కూడా రాయండి.

3. తేదీ కావాలంటే పాత పత్రిక తెరవండి

‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని దశాబ్దాలపాటు ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ వచ్చారు. చివరికి సెన్సార్ వివరాలు, నాటి పత్రికలు తిరగేస్తే అసలు తేదీ 1932 ఫిబ్రవరి 6 అని తేలింది. టాకీ విషయంలోనే ఇంత జరిగితే, అంతకు పదేళ్ల ముందటి మూకీల సంగతి చెప్పక్కర్లేదు.

ఆంధ్రపత్రిక దినపత్రికగా 1914 నుంచి మద్రాసులో వెలువడింది. ప్రెస్ అకాడమీ పాత సంచికలను స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టింది. సినిమా ప్రకటనలు వెతకండి. హాలు పేరు, తేదీ, వేళ, టికెట్ ధర ఉంటే రాసుకోండి. ఒక ఊళ్లో ఆడినట్టు ప్రకటన దొరికితే అక్కడ ఆడిందనే అర్థం, అదే తొలి విడుదల అని కాదు.

టి. రంగాచారి అధ్యక్షతన 1927లో ఏర్పడి 1928లో నివేదిక ఇచ్చిన ఇండియన్ సినిమాటోగ్రాఫ్ కమిటీ సాక్ష్యాల సంపుటాలు మరో నిధి. కమిటీ అడిగిన ప్రశ్నలకు హాళ్ల యజమానులు, నిర్మాతలు, అధికారులు ఇచ్చిన జవాబులు అచ్చయి ఉన్నాయి. మూకీల కాలపు మనుషుల గొంతు ఇంత దగ్గరగా వినిపించే చోటు ఇంకొకటి లేదు. రోజుకి కొన్ని పేజీలు చాలు, విడవకుండా చదవండి.

తొలి వ్యాసానికి విషయం తోచకపోతే హైదరాబాద్ తీసుకోండి. 1920ల మొదట్లో ధీరేన్ గంగూలీ అక్కడ లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి మూకీలు తీశారు. ‘రజియా బేగం’ సినిమా ప్రదర్శించినందుకు నిజాం ప్రభుత్వం ఆయన్ను పంపించేసిందని చెబుతారు. ఆ మాటకు ఆధారం వెతకడం మంచి మొదలు.

4. చూసింది, చదివింది, విన్నది వేరుచేయండి

నోట్సులో ప్రతి వాక్యం పక్కనా ఈ మూడింట్లో ఏదో ఒకటి రాయండి. ‘భీష్మ ప్రతిజ్ఞ’లో గంగ పాత్ర ఒక ఇంగ్లిష్ యువతి వేసిందని చాలాచోట్ల ఉంది. అది చదివింది. ఆమె నటన సహజంగా ఉందని మాత్రం మీరు రాయలేరు. పోయిన సినిమాలోని దృశ్యాన్ని కళ్లకు కట్టినట్టు వర్ణించడం పాఠకుణ్ణి మోసగించడమే.

‘మొట్టమొదటి’ అన్న మాట రాసేముందు రెండు వేర్వేరు ఆధారాలు చూసుకోండి. ఒకదాన్ని చూసి రాసిన రెండో వ్యాసం రెండో ఆధారం కాదు.

5. ఇంట్లో పాత డబ్బా దొరికితే

ఊళ్లో హాలు నడిపిన కుటుంబాల దగ్గర కరపత్రాలు, ఫొటోలు ఉండొచ్చు. అడిగి, రెండు వైపులా ఫొటో తీసుకోండి. వెనక రాసిన పేరే ఒక్కోసారి అసలు సమాచారం.

ఎక్కడైనా రీలే దొరికితే ప్రొజెక్టర్ మీద ఎక్కించకండి. ఆ కాలపు ఫిల్మ్ నైట్రేట్‌తో చేసింది. అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు. బిగుసుకున్న మూతను బలవంతంగా తీయొద్దు. నిప్పుకి, ఎండకి దూరంగా చల్లని చోట పెట్టి, డబ్బా మీద ఉన్న ప్రతి అక్షరం రాసుకుని, పుణెలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్‌కి వెంటనే తెలియజేయండి.