4 జీబీ ర్యామ్‌లో 3 జీబీయే కనిపిస్తే?

కంప్యూటర్‌లో 4 జీబీ ర్యామ్ ఉంది. తెర మీద మాత్రం 3 జీబీయే కనిపిస్తోంది. ర్యామ్ పాడైందనుకుని మార్చే ముందు మెమరీ మ్యాప్‌ను ఒకసారి చూడాలి.

ఒకే వీధిలో ఇళ్లకూ దుకాణాలకూ వరుసగా డోర్ నంబర్లు వేసినట్టు, ర్యామ్‌కూ గ్రాఫిక్స్ కార్డు వంటి పరికరాలకూ ప్రాసెసర్ ఒకే వరుసలోని చిరునామాలు వాడుతుంది. 32 బిట్లతో వచ్చేవి 4,29,49,67,296 చిరునామాలే. అంటే 4 జీబీ. అన్నీ ర్యామ్‌కే ఇచ్చేస్తే పరికరాలకు చోటుండదు. అందుకే 4 జీబీ హద్దుకు కిందనే కొంత భాగాన్ని వాటికి వదులుతారు. అది 1 జీబీ అనుకుందాం. అక్కడ చోటు కోల్పోయిన 1 జీబీ ర్యామ్‌కు 4 జీబీ పైన కొత్త చిరునామాలు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ ర్యామ్ ఉన్నా లేనట్టే.

ఈ పంపకం చేసేది ఫర్మ్‌వేర్. స్విచ్ వేయగానే మొదట నడిచే ప్రోగ్రాం ఇదే. కోర్‌బూట్ అలాంటి ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్. 1999లో అమెరికాలోని లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాలలో లైనక్స్‌బయోస్‌గా మొదలై, 2008లో ఈ పేరు పొందింది.

పంపకంలో వరుస కూడా ముఖ్యమే. పీసీఐ పరికరం తన పరిమాణానికి గుణిజమైన చిరునామా దగ్గరే మొదలవ్వాలి. ఖాళీ భాగం మొదట్లో 1 ఎంబీ పరికరాన్ని పెడితే, 256 ఎంబీ కార్డు దాని పక్కనే కుదరదు. మధ్యలో 255 ఎంబీ ఖాళీ మిగులుతుంది. పెద్దదాన్ని ముందు పెడితే ఆ ఖాళీ రాదు.

లోపం ఎక్కడుందో ఇలా వెతకవచ్చు:

1. లైనక్స్ కెర్నల్ లాగ్ మొదట్లో ఇ820 పట్టిక ఉంటుంది. ఫర్మ్‌వేర్ ఏ భాగాన్ని వాడుకోమంది, ఏది రిజర్వ్ చేసింది అందులో తెలుస్తుంది. 4 జీబీ పైన వాడుకోదగ్గ భాగమేదీ లేకపోతే, ర్యామ్‌ను పైకి మార్చలేదని అనుమానించాలి.

2. పైన ఆ భాగం ఉన్నా ర్యామ్ తక్కువ చూపిస్తుంటే, ఆపరేటింగ్ సిస్టమ్ 32 బిట్లదేమో చూడాలి.

3. పరికరానికి చోటు ఇవ్వలేకపోయినట్టు లాగ్‌లో ఉంటే, ఫర్మ్‌వేర్ లాగ్‌లో దానికి ఏ చిరునామా ఇచ్చారో పోల్చాలి. ఆ పరికరం 64 బిట్ల చిరునామాలు తీసుకోగలిగితే 4 జీబీ పైకి మార్చవచ్చు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది రిజర్వ్ చేయాల్సిన భాగాన్ని వాడుకోదగ్గదిగా రాయడం. అప్పుడు కంప్యూటర్ మామూలుగానే నడుస్తున్నట్టుంటుంది. ఎప్పుడో ఆగిపోతుంది, లేదా ఫైలు చడీచప్పుడు లేకుండా చెడుతుంది. కోడ్ మూసి ఉన్న ఫర్మ్‌వేర్‌లో ఇలా జరిగితే తయారీదారు సవరించేదాకా ఆగాలి. ఓపెన్ సోర్స్‌లో అయితే తప్పు చేసిన వరుసను మనమే చదివి దిద్దవచ్చు.